బొంత మీద తీసిన కొలత

నాకు జీతం ఇచ్చింది సర్క్యూట్లు గీసినందుకు. కానీ కరీంనగర్‌లో మా చిన్న కంపెనీకి వెళ్లి అడగండి, ఆ మేడం ఎక్కువగా ఏం చేసేదని. వాదించేది అంటారు. అందులో అబద్ధం లేదు కాబట్టి నేనూ ఏమీ అనను. అనకపోవడం నాకు అరుదు, గమనించగలరు.

భూతద్దం కింద తల వంచి వంచి మెడ పట్టేసింది, డాక్టరు ఇక చాలన్నాడు, ఆయనతోనూ కాసేపు వాదించి పని మానేశాను. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఫోన్ చేసి, "మేడం, మీ ఉద్యోగంలో పెద్ద విజయం ఏదైనా చెప్పండి" అని అడుగుతున్నారు. విజయాలు చెప్పుకోవడానికి కంపెనీ పెట్టిన మా సార్ ఉన్నారు. ఆయన గది గోడ మీద వాటి ఫోటోలు కూడా ఉన్నాయి. నేను మాత్రం గోడ మీదికి ఎక్కని ఒక సంగతి చెబుతాను. ముందే చెప్పేస్తున్నా, ఇందులో దొంగ ఒక బొంత. చివరి దాకా దాచిపెట్టి మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు.

మా కంపెనీ ఒక గిర్ని పైన ఉండేది. కింద పిండి, కారం పట్టేవాళ్లు, పైన మేము రేడియో సర్క్యూట్లు చేసేవాళ్లం. కారం పట్టే రోజు మా టెక్నీషియన్ తుమ్ముతూనే సోల్డరింగ్ చేసేవాడు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య చెయ్యి ఎంత కుదురుగా ఉంచేవాడో చూసి తీరాల్సిందే. గిర్ని తిరిగినంతసేపూ మా టేబుళ్లు సన్నగా వణికేవి. కొలిచే పరికరం మీద గీత నిలవడం లేదని ఆ టెక్నీషియనే ఎప్పుడో ఇంటినుంచి పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చి, నాలుగు మడతలు పెట్టి టేబుల్ మీద వేశాడు. గీత నిలిచింది. అప్పటినుంచి ఏ సర్క్యూట్ పరీక్షించినా దాని మీదే పెట్టేవాళ్లం. కొన్నాళ్లకు అది టేబుల్‌లో భాగమైపోయింది. పండక్కి ఉతికి మళ్లీ పరిచేవాడు, అంతే.

అప్పుడు మేము ఆదిలాబాద్‌లో పత్తినుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులకు ఒక వైర్‌లెస్ డబ్బా చేస్తున్నాం. పత్తి కుప్పలో తడి ఉంటే అది లోలోపల వేడెక్కుతుంది. బయటికి పొగ కనిపించేసరికి చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకని కుప్పలోకి పొడుగాటి సెన్సర్ ఒకటి గుచ్చుతాం. లోపల ఎంత వేడిగా ఉందో అది వైర్‌లెస్‌లో చెబుతూ ఉంటుంది. మిల్లు లోపల మిషన్ నడిపే మనిషి కంటికి ఎదురుగా, మిషన్ స్టాండుకే బిగించిన మా డబ్బా ఆ మాట వింటుంది. చిక్కల్లా దూరపు కుప్పతోనే. దాని మాట చాలా సన్నగా వస్తుంది. సరిగ్గా దాని పక్క ఫ్రీక్వెన్సీలోనే, లారీలు తూచే కాంటా దగ్గరి వైర్‌లెస్ గొంతు చించుకుంటూ ఉంటుంది.

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి, ఓర్చుకోండి. డబ్బా లోపల ఆసిలేటర్ అని శనగబద్దంత ముక్క ఉంటుంది. ఒకే స్వరాన్ని ఆగకుండా పట్టి ఉంచడం దాని ఉద్యోగం. ఆ స్వరంతో పోల్చుకునే రిసీవర్ బయటి మాటల్ని విడదీస్తుంది. మా మెథడిస్ట్ చర్చిలో మగవాళ్ల వరుసలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన పట్టిన స్వరం తప్పేమీ కాదు, కానీ దాని చుట్టూ వణుకుతూ పైకీ కిందికీ పాకేది. పక్కన నిలబడ్డ మా బాపుకు తన గొంతు తనకే వినపడేది కాదు. ఆసిలేటర్‌లో నాయిస్ అంటే ఇదే. చప్పుడు అనుకోకండి, స్వరం అంచులు చెదిరిపోవడం. ఆ చెదిరిన అంచుల్లోకి పక్కవాడి అరుపు పాకి వస్తుంది, దూరపువాడి గుసగుస అందులో మునిగిపోతుంది. మా పాత ఆసిలేటర్ అచ్చం ఆ పెద్దాయనే. దాంతో దూరపు కుప్ప ఎప్పుడూ సరిగా వినపడేది కాదు.

తక్కువ నాయిస్ ఉన్న కొత్త ఆసిలేటర్ ఒకటి మార్కెట్లోకి వచ్చిందని కనిపెట్టింది మా దగ్గర అప్పుడే చేరిన అమ్మాయి. మెట్‌పల్లి పక్క ఊరు. బాపు గల్ఫ్‌లో క్రేన్ నడుపుతాడు, అవ్వ, అంటే అమ్మ, పసుపు పండిస్తుంది. హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం వస్తే వద్దని, సర్క్యూట్ల మీదే పని చేస్తానని కరీంనగర్‌కు వచ్చింది. అందుకు ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. సార్ ఆమెను పరీక్ష మీద తీసుకున్నారు. అంటే, పత్తి సీజన్ మొదలయ్యాక ఉంచుకునేదీ లేనిదీ చెబుతామన్నమాట. ఇక్కడ కాదంటే ఆ చుట్టుపక్కల ఇలాంటి పని చేసే చోటు ఇంకోటి లేదు. ఊరికి వెళ్లాలి, లేదా ఆ వద్దన్న ఉద్యోగాన్నే మళ్లీ వెతుక్కోవాలి.

కొత్త ముక్క సంగతి ఆమె చెప్పగానే, మీరు ఊహించినట్టే నేను అడ్డం పడ్డాను.

"డేటా షీట్ చూడుర్రి మేడం, నాయిస్ ఎంత కిందికున్నదో," అంది.

"డేటా షీట్ల అన్నీ పెండ్లిసంబంధానికి పంపిన ఫోటో లెక్కనే ఉంటయి బిడ్డా. ఇంటికొచ్చినంక చూడాలె మొఖం."

"ఐతె ఇంటికి తెప్పియ్యుర్రి. చూద్దాం."

జవాబు బాగుందని లోపల అనుకున్నాను. పైకి చెప్పలేదు.

తెప్పించారు. ఆ అమ్మాయి బోర్డంతా మళ్లీ గీసి, కొత్త ఆసిలేటర్ అతికించి, బొంత మీద పెట్టి కొలిచింది. పరికరం తెర మీద అంత సన్నటి, అంత నిటారు గీత మా గిర్ని మేడ మీద అంతకు ముందెప్పుడూ కనపడలేదు. టెక్నీషియన్ తుమ్మడం కూడా ఆపేశాడు. సార్ గీత పక్కన నిలబడి ఫోటో దిగారు. "ఈ డబ్బాలు ఆదిలాబాద్‌ల నిలవడ్డయనుకో, నువ్వు గీడ నిలవడ్డట్టే" అని ఆ అమ్మాయితో నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్నా నిజంగానే అంటారని మాకు తెలుసు, ఆమెకూ అప్పటికే తెలిసిపోయింది.

డబ్బాలు వెళ్లాయి. సీజన్ మొదలైంది. మిల్లు సేఠ్ ఫోన్ కూడా వెంటనే వచ్చింది. దూరపు కుప్ప ఇంతకు ముందు అప్పుడప్పుడైనా వినపడేది, ఇప్పుడు మిషన్ నడిచినంతసేపూ అసలే పలకడం లేదట. ఇంత ఖరీదు పెట్టి మూగ డబ్బా కొనుక్కున్నామా అని అడిగాడట.

సార్ మా అందరినీ పిలిచారు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడింది. అందరూ నా వైపే చూస్తున్నారు, నేను ముందే చెప్పలేదా అంటానని. సార్ నాకా శ్రమ కూడా లేకుండా చేశారు.

"మేడం మొదటినుంచే వద్దన్నరు. నేనే ఇనలే. పాత బోర్డులే పట్టుకపోయి బిగిద్దాం. ఈ పిల్ల సంగతి తర్వాత చూద్దాం."

నాకొక గుణం ఉంది. నా మాటనే ఇంకొకరు తీసుకుని మాట్లాడితే వెంటనే అందులో లోపాలు కనపడతాయి. దానికి తోడు ఆ 'తర్వాత చూద్దాం' నాకు నచ్చలేదు.

"కొత్తది మంచిదని నమ్మకం లేదన్న సార్. పాతది మంచిదని ఎన్నడన్న?" అన్నాను. "రెండూ ఒక్కటెట్లయితయి? పాతదాంట్ల ఏముందని మల్ల దాన్నే మోసుకపోతరు?"

"మరి ఏం జెయ్యాలంటరు?"

"ఈ పిల్లను తీసుకొని నేను పోత. తప్పు ఎక్కడున్నదో చూసి చెప్త. అప్పటిదాక ఆ ముక్కను గూడ అనొద్దు, ఈ పిల్లను గూడ అనొద్దు."

నిన్నటి దాకా ఆ ముక్కను తిట్టిపోసింది నేనే అని ఎవరూ గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. సార్ కూడా తగ్గలేదు. మర్నాడు పాత బోర్డులు సంచిలో వేసుకుని తానే ఆదిలాబాద్ వస్తానని, అప్పటికి ఏమీ తేలకపోతే వాటినే బిగిస్తామని చెప్పారు. ఆ మాటతో ఆ అమ్మాయి ఉద్యోగానికి ఒక రోజు ఆయుష్షు దొరికింది.

ఆ రాత్రే ఎక్కిన బస్సులో నేను ఆమెతో మాట్లాడలేదు. ఏం మాట్లాడినా ఓదార్పులా వినపడుతుందని భయం. నిర్మల్ దాటాక ఆమే అడిగింది, మీరు నా దిక్కు ఎందుకు మాట్లాడిండ్రు అని. నీ దిక్కు కాదు, సార్‌కు ఎదురు దిక్కు అన్నాను. నవ్వింది. అప్పటినుంచి ఇద్దరం మామూలు మనుషులమయ్యాం.

ఆదిలాబాద్‌లో సీజన్ అంటే ఊరంతా లారీలు, గాలి నిండా పత్తి నూగు. మిల్లు సేఠ్ మాట సగం తెలుగు, సగం మరాఠీ, మర్యాద మాత్రం నిండుగా. టీ తెప్పించి, మా డబ్బాను చూపిస్తూ, "బాయీ, మీ డబ్బాకు మా మిషన్ అంటే భయం ఉన్నది. మిషన్ నడిస్తె గప్‌చుప్. బందువెడితె మంచిగ మాట్లాడుతది. కాయ్ కరాయ్‌చ, ఏం జెయ్యాలె, మిషన్ బందువెట్టి కూసుందమా?" అన్నాడు.

నేను తగాదాతో పని మొదలుపెట్టాను. ముందు కాంటా గుమాస్తా దొరికాడు. అతని వైర్‌లెస్ కట్టేయించాను. మిషన్ నడుస్తుండగానే దూరపు కుప్ప చక్కగా పలికింది. దొంగ దొరికాడని మిల్లంతా వినపడేలా ప్రకటించాను. ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా, "మేడం, ఆయన మాట్లాడంగ గూడ ఇనాలనే గద మనం డబ్బా జేసింది" అంది. నిజమే. గుమాస్తాకు వైర్‌లెస్ తిరిగి ఇచ్చాను. క్షమాపణ అడగలేదు, టీ ఇప్పించాను.

తర్వాత కరెంటు మీద పడ్డాను. పెద్ద మోటార్లు కదా, వైరుల్లో మురికి వస్తోందని మిల్లు ఎలక్ట్రీషియన్‌తో పెట్టుకున్నాను. అతను పాపం ఎర్తింగ్ గుంత దాకా తీసుకెళ్లి చూపించాడు. ఆ అమ్మాయి ఈలోగా డబ్బాకు బ్యాటరీ తగిలించింది. మిల్లు కరెంటుతో సంబంధమే లేదు. అయినా మిషన్ మొదలవగానే కుప్ప మాయం. ఎలక్ట్రీషియన్ నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. ఆ మర్యాదకు అతనికి నా నమస్కారం.

ఇక మిగిలింది డబ్బా లోపలే. అంటే ఆ ముక్కే. ఆ అమ్మాయి బోల్టులు విప్పి, బ్యాటరీతో సహా డబ్బాను మిషన్ స్టాండు నుంచి దించి, పత్తి కుక్కిన బోరెం సంచి మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంది, మూత తీసి చూద్దామని. మిషన్ నడుస్తూనే ఉంది. కాంటా వైర్‌లెస్ అరుస్తూనే ఉంది.

దూరపు కుప్ప పలికింది.

ఆమె డబ్బాను తీసి స్టాండుకు ఆనించింది. పోయింది. మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. వచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు ఒక్కసారిగా పాత చీరల రంగులు కళ్ల ముందు తిరిగాయి.

కరీంనగర్‌కు ఫోన్ చేశాను. "అన్నా, మన దగ్గరున్న కొత్త డబ్బాను టేబుల్ మీద పెట్టి కొలువు. బొంత తీసెయ్యి" అన్నాను.

"బొంత ఎందుకు తీస్త మేడం? టేబుల్ ఊగుతది గద," అన్నాడు టెక్నీషియన్.

"అందుకే తియ్యమంటున్న."

అయిష్టంగానే తీశాడు. కింద గిర్ని చప్పుడు ఫోన్‌లో వినపడుతూనే ఉంది. కొలిచాక ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి, "మేడం, మన డబ్బా గూడ ఖరాబైంది" అన్నాడు.

పిల్లలూ, అసలు సంగతి ఇది. ఆసిలేటర్ లోపల స్ఫటికం ఉంటుంది, కుదిపితే దాని స్వరమూ కుదురు తప్పుతుంది. ఈ విషయం పుస్తకాల్లో ఉంది, నేనూ చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ మేము మెచ్చుకున్న ఆ సన్నటి గీత సగం ముక్కది, సగం బొంతది. బొంతను మేము కంపెనీలోనే ఉంచుకుని, డబ్బాను ఒంటరిగా మిల్లుకు పంపాం. అక్కడ దాన్ని ఆ జిల్లాలోనే అన్నిటికంటే ఎక్కువ వణికే ఇనుముకు బోల్టులేసి బిగించారు. గోడకు పెడదామంటే అవి రేకుల గోడలు, మిషన్ కంటే ఎక్కువగా ఊగుతాయి.

నేను వెంటనే పరిష్కారం కూడా చెప్పేశాను. డబ్బా కింద రబ్బరు వేద్దాం అన్నాను.

"వద్దు మేడం," అంది ఆ అమ్మాయి. "బొంత సన్న వణుకును మింగుతది గని, గింత పెద్ద కుదుపు మీద మెత్తటి రబ్బరేస్తె డబ్బా ఇంకెక్కువ ఊగుతది."

"నువ్వు పుట్టకముందు నుంచి డబ్బాలు బిగిస్తున్న నేను."

"బిగించిండ్రు మేడం. కని అవన్నీ పాత పార్టువి. అది దానంతట అదే గంత లొల్లి వెట్టుకుంట ఉంటె, అండ్ల మిషన్ కుదుపు ఎవలికి ఇనవడ్తది? ఇది నిమ్మలంగున్నది కాబట్టి ఇనవడుతున్నది, దానికితోడు కుదిపితె పాతదానికంటె ఎక్కువ చెదురుతది."

సరిగ్గా ఆ సమయానికే సార్ సంచితో లోపలికి వచ్చి నిలబడ్డారు. ఆమె మాట మొత్తం విన్నారు. నాకు ఎవరైనా ఇలా జవాబు చెబితే ఆ గదిలో ఏమవుతుందో ఆయన చాలాసార్లు చూశారు. అందుకే కాబోలు సంచి కింద పెట్టకుండా తలుపు దగ్గరే ఆగిపోయారు.

నేను ఓడిపోయానని ఒప్పుకునే మనిషిని కాదు. మాటలెందుకు, చేసి చూద్దాం అన్నాను. మిల్లులో రబ్బరు దొరకలేదు. నా హవాయి చెప్పు ఒకటి విప్పి, కత్తితో నాలుగు ముక్కలు కోసి, డబ్బా కింద పెట్టి బిగించాను. మిషన్ మొదలుపెట్టగానే డబ్బా పెళ్లి బారాత్‌లో పిలగానిలా ఎగరడం మొదలుపెట్టింది. దూరపు కుప్ప సంగతి సరే, దగ్గరి కుప్ప కూడా పోయింది. సేఠ్ చాలా జాగ్రత్తగా వేరే వైపు చూశాడు.

"మీరు చెప్పినట్టు చేసినం," అంది ఆ అమ్మాయి. "జర నేను చెప్పినట్టు గూడ చేద్దామా?"

సార్ సంచి జిప్పు మీద చెయ్యి వేశారు. "చాలు బిడ్డా. సేఠ్‌ను ఇంక పరేషాన్ చెయ్యొద్దు. పాతవి బిగిద్దాం. మేడం, ఏమంటరు?"

"నన్నెందుకు అడుగుతరు? డబ్బా ఆమెది. ఆమెనడుగుండ్రి," అన్నాను.

సార్ అడగలేదు, కానీ జిప్పు మీది చెయ్యి అక్కడే ఆగింది. ఆ అమ్మాయి నా చెప్పు ముక్కలు తీసి పక్కన పెట్టింది. డబ్బా మూత తీసి మాకు చూపించింది. స్ఫటికం అన్ని దిక్కుల కుదుపునూ ఒకేలా పట్టించుకోదని, ఒక దిక్కుది ఎక్కువగా, ఒక దిక్కుది తక్కువగా తీసుకుంటుందని, ఈ మిషన్ కత్తులు పైకీ కిందికీ ఆడతాయి కాబట్టి కుదుపు ఎక్కువగా నిలువునే వస్తోందని చెప్పింది. మనం బోర్డును సరిగ్గా తప్పు దిక్కున పడుకోబెట్టామట. మిషన్ ఆపించి, ఇనుప పట్టీ ఒకటి అడిగి తీసుకుని, డబ్బాను పక్కకు తిప్పి, నిలువుగా గట్టిగా బిగించింది. ఒక వైపు బోల్టు నేను పట్టుకున్నాను. పట్టుకోమని ఆమే చెప్పింది.

మిషన్ నడిచింది. కాంటా గుమాస్తా, బహుశా నా మీది కసితోనే, ఆ రోజంతటిలో అతి గట్టిగా ఏదో లారీ నంబరు చదివాడు. ఆ అరుపు కింద, డబ్బా తెర మీద, దూరపు కుప్ప తన వేడి చెప్పింది. మళ్లీ చెప్పింది. చెబుతూనే ఉంది. బొంత మీద చూసినంత గొప్పగా లేదు, కానీ ఇది బొంత లేకుండా వచ్చింది.

సేఠ్ తెర ముందు వంగి కాసేపు చూసి, "ఇప్పుడు మాట్లాడుతున్నది బాయీ" అన్నాడు. నాతో కాదు, ఆ అమ్మాయితో. ఈ ఊళ్లో ఎన్ని మిల్లులకు డబ్బాలిచ్చారో వాటన్నిటినీ ఇలాగే తిప్పమని, తన బావమరిది మిల్లుతో మొదలుపెట్టమని సార్‌కు చెప్పాడు.

సార్ సంచిని భుజానికి తగిలించుకున్నారు. కొత్త గీత పక్కన ఫోటో దిగలేదు. దిగుతారేమోనని నేను ఎదురుచూశాను.

"అన్నిట్ల తిప్పాలంటె సీజన్ అయ్యేదాక ఎవలన్న గీడనే ఉండాలె," అన్నారాయన.

నేను ఏదో అనబోయాను.

"నేనుంట సార్," అంది ఆ అమ్మాయి. "మేడంను మీరే తీస్కపోండ్రి. ఒక్క చెప్పుతోని ఎంతసేపు నిలవడ్తరు?"

"ఉండు. సీజన్ అయినంక కరీంనగర్‌కు రా, వచ్చే యేటి డబ్బా నువ్వే గియ్యాలె," అన్నారు సార్, ఈసారి నవ్వకుండా. ఆమె తల ఊపి, వెంటనే పక్క మిషన్ స్టాండు దగ్గరికి వెళ్లి, పట్టీ పొడుగు చాలుతుందో లేదో చూడసాగింది. సార్, సేఠ్ కూడా ఆమె వెంటే వెళ్లారు.

నాతో వాదించడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. మిల్లు దాటి గేటు వైపు నడిచాను. నేలంతా పత్తి రాలి ఉంది, చెప్పు లేని కాలికి మెత్తగా తగులుతోంది. రెండో చెప్పు కూడా విప్పి చేత్తో పట్టుకున్నాను.